పెరుగన్నం తప్ప ఏదీ తినట్లేదు, కొలైటిస్ ఉన్నవాళ్లు మీరేం తింటున్నారు?

బెజవాడ_బక్కోడు – జూన్ 14, రాత్రి 11:20

నమస్తే అందరికీ. వయసు 29, ఉండేది విజయవాడ సత్యనారాయణపురం. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు) అని తేలి 14 నెలలైంది. అంతకుముందు ఆరు నెలలు మొలలు అనుకుని ఆయింట్‌మెంట్లు, నాటుమందులు అంటూ తిరిగాను. రోజుకు పన్నెండుసార్లు జిగట, నెత్తురు పడే దాకా వచ్చాక గానీ కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఒప్పుకోలేదు. పెద్దపేగులో ఎడమవైపు వరకే ఉందన్నారు. పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి పడుకునేముందు ఎనీమా (మలద్వారం గుండా ఎక్కించే మందు). ఇప్పుడు రోజుకు నాలుగైదుసార్లు వెళ్తున్నా, అప్పుడప్పుడు నెత్తురు చార కనపడుతుంది. బాత్రూమ్ భయంతో బస్సెక్కి ఏడాది దాటింది.

అసలు గొడవ తిండి. మా అమ్మ వీడియోలు చూసి ఒక్కొక్కటే తీసేసింది. ముందు కారం పోయింది, తర్వాత గ్యాస్ అని పప్పు, వేడి అని గుడ్డు, ఇంక పాలు, గోధుమ, వంకాయ, టమాటా. ఐదు నెలలుగా పొద్దున ఇడ్లీ, రెండు పూటలా పెరుగన్నం, అంతే. 68 కేజీలుండేవాడిని 56కి వచ్చా. ఆఫీసులో కనపడ్డవాడల్లా షుగరా అని అడుగుతున్నాడు. హిమోగ్లోబిన్ 9.1. పైగా తెలిసినాయన ఒక పొడి తెచ్చిచ్చాడు, నెలకు 4,800, మూడు నెలలు వాడితే మాత్రలు మానేయొచ్చట. అమ్మ డబ్బులు కట్టేసింది. డబ్బా టీవీ పక్కన ఉంది, అందులో ఏం కలిపారో దాని మీద ఒక్క ముక్క రాసి లేదు. ఏం చేయమంటారు?

మిర్చియార్డు_బాబాయ్ – జూన్ 15, ఉదయం 5:48

అబ్బాయ్, ఆ పొడి తిప్పి పంపించెయ్. నన్నడిగితే మాత్రలూ అంత అవసరం లేదు. నాకు 2009లో బయటపడింది ఈ జబ్బు. ఏడేళ్లు మింగీ మింగీ విసుగొచ్చి మానేశా. రాత్రి మజ్జిగలో మెంతులు నానేసి పొద్దున్నే తాగుతా, అంతే మందు. గుంటూరు మిర్చి ఘాటులోనే నా బతుకంతా, కారం కూడా మానలేదు.

బ్రాడీపేట_అక్క – జూన్ 15, ఉదయం 9:15

బాబాయ్ గారూ, మీకు నెమ్మదించింది, సంతోషం. కానీ ఇది తగ్గినట్టే ఉండి మళ్లీ లేచే జబ్బు, మెంతుల వల్ల ఆగిందో దానంతటదే ఆగిందో ఎవరు చెప్తారు? పైకి ఏమీ లేకపోయినా లోపల వాపు నడుస్తూనే ఉండొచ్చు. పెద్దపేగులో ఈ జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి క్యాన్సర్ ఏమైనా మొదలవుతోందా అని మధ్యమధ్యలో కొలనోస్కోపీ చేసి చూస్తారు. మీరు చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?

తమ్ముడూ, నాది క్రోన్స్, అంటే పెద్దపేగే కాదు, చిన్నపేగు కూడా వాచే జబ్బు, పదకొండేళ్ల నుంచి. మన దేశంలో క్రోన్స్‌కీ పేగు టీబీకీ తేడా పట్టుకోవడం డాక్టర్లకే కష్టం, రెండూ చిన్నపేగు చివరే వచ్చి కూర్చుంటాయి. నాకూ ముందు ఆరు నెలలు టీబీ మందులే వాడారు. ఆలోగా పేగు ఇరుకైపోయింది. ఆ రోజుల్లో ఒక సంక్రాంతికి మా అత్తగారింట్లో తేగలు ఉడకబెట్టారు. ఒక్కటంటే ఒక్కటే తిన్నా, అదీ పీచు తీసేశాననే అనుకున్నా. రాత్రి పదకొండింటికి కడుపు కుండలా ఉబ్బి ఒకటే వాంతులు. ముక్కులోంచి గొట్టం వేసి నాలుగు రోజులు ఉంచారు. మూడు నెలలకి ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. బి12 ఒంటికి పట్టేది సరిగ్గా అక్కడే, అందుకని నేను గుడ్లూ మాంసం ఎన్ని తిన్నా లాభం లేదు, జీవితాంతం ఇంజెక్షనే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నీది పెద్దపేగు జబ్బు. తిన్నది ఒంటికి పట్టించే చిన్నపేగు నీకు బాగానే ఉంది. అంటే నువ్వు చిక్కింది జబ్బు వల్ల కొంత, తినకపోవడం వల్ల బోలెడంత. నా లిస్టు చూసి నువ్వు పీచు మానేయడం, నీ లిస్టు చూసి ఇంకొకళ్లు పప్పు మానేయడం, ఇలాగే నడుస్తోంది ఇక్కడ.

పటమట_పేగు – జూన్ 15, ఉదయం 10:02

పొడి సంగతి నేను చెప్తా. ఇలాంటిదే మా బావమరిదికీ అంటగట్టారు. మొదటి నెల అద్భుతం, మోషన్లు రెండుకి వచ్చాయి, ఆకలి దంచేసింది, మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రమైంది. ఆ మొహం చూసే డాక్టర్ అడిగాడట, ఏం వాడుతున్నావని. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని ఆయన అనుమానం. వీడు భయపడి ఒక్కసారిగా ఆపేశాడు, పది రోజులకి ఆసుపత్రిలో పడ్డాడు. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపకూడదు కదా. మీరు ఇంకా మొదలుపెట్టకపోతే మూత తీయొద్దు. మొదలుపెట్టి ఉంటే డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తిడితే తిట్టనీ.

భార్యనే_డైటీషియన్ని_కాదు – జూన్ 15, మధ్యాహ్నం 2:30

మా ఆయనకి మీ జబ్బే, ఏడేళ్లు. మీ అమ్మగారి భయం నాకు తెలుసు, నేనూ మొదట్లో అలాగే చేశాను, ఆయన బరువు పడిపోయాక బుద్ధొచ్చింది. ఇప్పుడు వంట రెండు రకాలు. జబ్బు లేచిన రోజుల్లో ఒకటి, నెమ్మదిగా ఉన్నప్పుడు ఇంకొకటి.

లేచినప్పుడు పెసరపప్పు కాస్త వేయించి, బాగా పలచగా ఉడికించి, వేడి మీదే జల్లెడలో గరిటెతో రుద్దుతాను. పైన మిగిలిన పిప్పి తీసేస్తే కింద దిగేది వెన్నలా ఉంటుంది. అందులో ఉప్పు, పసుపు, చెంచా నెయ్యి, జీలకర్ర పొడి. ఇలా చేస్తే మా ఆయనకి పెద్దగా గ్యాస్ రాదు. సొరకాయ, బీరకాయ చెక్కు తీసి, పొట్లకాయలో గింజలు గీకేసి, మెత్తగా ఉడికించి కాస్త పాలు పోస్తే కూర (పాలు పడనివాళ్లకి కొబ్బరిపాలు). టమాటా అయితే వేడినీళ్లలో వేసి తొక్క లాగేసి గింజలు పిండేస్తా. మానేయడం వేరు, తొక్కా గింజా తీసి వండటం వేరు. చక్కెరకేళి అరటిపండు, రోజూ రెండు గుడ్లు. గుడ్డు వేడి అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు, అననీ.

నెమ్మదించాక అన్నీ తింటారు. వారానికి ఒక కొత్త వస్తువు, మూడు రోజులు కొద్దికొద్దిగా పెట్టి, ఫోన్‌లో రాసుకుంటాం. పడనిది పాల కాఫీ ఒక్కటే అని తేలింది. ఏడేళ్లలో ఒకే ఒక్కటి!

గోంగూర మటుకు ఇంకా ధైర్యం చేయలేదు.

కొత్తపేట_న్యూట్రిషన్ – జూన్ 15, రాత్రి 9:40

గుంటూరులో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను. మీ రిపోర్టులు చూడలేదు కాబట్టి లెక్క వరకే చెప్తాను. జబ్బు రేగి ఉన్నప్పుడు కేజీ బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 56 కేజీలకి రోజుకు 67 నుంచి 84 గ్రాములు. మీరు తినేది చూద్దాం. నాలుగు ఇడ్లీలు మహా అయితే 8 గ్రాములు. ఒక పూట పెరుగన్నం, 300 గ్రాముల అన్నం, 200 గ్రాముల పెరుగు అనుకున్నా 15. రెండు పూటలకి 30. మొత్తం 38. దాదాపు సగం. మిగతాది ఒళ్లు తన కండలోంచే లాక్కుంటోంది. మెట్లెక్కుతుంటే తొడలు లాగుతున్నాయా? దానికి రక్తం తగ్గడమొక్కటే కారణం కాకపోవచ్చు.

గుడ్డుకి 6 గ్రాములు, వంద గ్రాముల కొర్రమీనుకి 18 దాకా. చేపని పులుసు కాకుండా ఆవిరి మీద ఉడికించి చూడండి. శాకాహారమైతే పనీర్, పైవాళ్లు చెప్పిన జల్లెడ పప్పు.

పెరుగు బాగా పడి పాలు పడకపోతే అది చాలావరకు లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) అరగని గొడవే, జబ్బు పెరగడం కాదు. గోధుమ అందరూ మానాలని ఏమీ లేదు. ఫలానా డైటే మందు అని చెప్పేవాళ్ల కోసం ఒక్క మాట. 2021లో అమెరికాలో క్రోన్స్ ఉన్నవాళ్ల మీద రెండు రకాల తిండి పెట్టి చూశారు, ధాన్యాలన్నీ మాన్పించే కఠినమైన డైట్ ఒకటి, మధ్యధరా దేశాలవాళ్లు తినే మామూలు తిండి ఒకటి. ఆరు వారాలకి రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా మేలు కనపడింది.

బెజవాడ_బక్కోడు – జూన్ 16, రాత్రి 12:05

38 అని చూసి అమ్మకి చదివి వినిపించా. ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడే వంటింట్లో గుడ్డు ఉడుకుతోంది, అర్ధరాత్రి.

డబ్బా మూత తీయలేదు.

ఇంకో డౌట్. హిమోగ్లోబిన్‌కి ఐరన్ మాత్రలు రాశారు. వేసుకున్న మూడో రోజు మోషన్ నల్లగా వచ్చింది, నెత్తురనుకుని ఆటో ఎక్కి ఎమర్జెన్సీకి పరుగెత్తా. వాళ్లు నవ్వి పంపించారు. కానీ కడుపు నొప్పి మటుకు నిజంగానే పెరిగింది, మానేశా. ఇది మా డాక్టర్‌కి చెప్పలేదు.

బ్రాడీపేట_అక్క – జూన్ 16, ఉదయం 7:30

చెప్పాలి తమ్ముడూ! ఐరన్ వేసుకుంటే నల్లబడటం మామూలే, తారులా జిగురుగా, విపరీతమైన కంపుతో వస్తేనే భయపడాలి. పేగు వాచి ఉన్నప్పుడు ఐరన్ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు, పట్టకుండా మిగిలింది పేగుని ఇంకా గీరుతుంది. పదికి తక్కువ ఉండి జబ్బు రేగి ఉంటే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఇస్తారు. నాకు రెండుసార్లు ఎక్కించారు. అడుగు.

గుంటూరు_ఎండ – జూన్ 16, ఉదయం 8:12

సప్లిమెంట్ల మాట వచ్చింది కాబట్టి నా ఘనకార్యం కూడా వినండి. రోళ్లు పగిలే ఎండలున్న ఊళ్లో పుట్టి పెరిగినా నాకు విటమిన్ డి 9 వచ్చింది. 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి రాశారు. చీటీ మీద రాత చూసి నేను రోజుకొకటి అనుకున్నా, షాపతను కూడా ఏమీ అనలేదు. పన్నెండు రోజులు వరసగా పాలల్లో కలుపుకుని తాగా. నోరు ఎండిపోవడం, వికారం, మాటిమాటికీ మూత్రం. కాల్షియం చూస్తే ఆకాశంలో ఉంది. ఇది సి విటమిన్‌లా మూత్రంలో పోయే రకం కాదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఎముకల కోసం కాల్షియం, డి రెండూ అవసరమే, కానీ వారానికా రోజుకా అన్నది రెండుసార్లు అడిగి తెలుసుకోండి.

సల్ఫాసలజైన్ (ఇదీ కొలైటిస్ మందే) వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా? ఆ మందు ఫోలేట్‌ని ఒంటికి పట్టనివ్వదు. నాకు రెండేళ్లు ఎవరూ చెప్పలేదు.

దుగ్గిరాల_పసుపు – జూన్ 17, సాయంత్రం 6:45

మా ఇంట్లో పసుపు పంట, నాకు కొలైటిస్. చుట్టాలందరూ అనే మాట ఒక్కటే, ఇంట్లో బస్తాలు పెట్టుకుని ఆసుపత్రికి పోతావేంట్రా అని. అందుకే కూర్చుని లెక్క వేశా. 2015లో ఒక పరిశోధన వచ్చింది, జబ్బు కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్న 50 మందికి మెసలమైన్ మానకుండానే, సగం మందికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ (పసుపులో ఉండే అసలు పదార్థం), సగం మందికి మందు లేని ఉత్తి మాత్రలు. నెల తర్వాత కర్క్యుమిన్ వాళ్లలో సగానికి పైగా నెమ్మదించింది, ఉత్తి మాత్రల వాళ్లలో ఒక్కరికీ లేదు. బాగుంది కదా? కానీ పసుపు పొడిలో కర్క్యుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్లు, రకం మంచిదైతే ఇంకాస్త. అంటే 3 గ్రాములు రావాలంటే రోజుకు వంద గ్రాముల పసుపు మింగాలి. మా నాన్నకి చెప్తే, అంత పసుపు పెళ్లికొడుకుని చేసినప్పుడే వాడతార్రా అన్నాడు.

క్యాప్సూల్స్ కొనేవాళ్లు మా డాక్టర్ చెప్పిన ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఒంటికి బాగా పట్టాలని వాటిలో మిరియాల సారం కలుపుతారు, అలాంటివి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. నేను అజాథయోప్రిన్ (ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందు) మీద ఉన్నా, దానికే నెలనెలా లివర్ టెస్టు, రక్త పరీక్ష చేయిస్తున్నా, ఇంకొకటి నెత్తినెత్తుకోవడం ఎందుకని వదిలేశా. మీరు వాడాలనుకుంటే అడిగి వాడండి. పాలల్లో చిటికెడు పసుపు తాగండి, రుచి కోసం.

పటమట_పేగు – జూన్ 17, రాత్రి 8:10

చేపనూనె క్యాప్సూల్స్ మీద రెండేళ్లు ఖర్చుపెట్టా, నాకు ఒరిగింది ఏమీ లేదు. క్రోన్స్‌లో పెద్ద పరిశోధనల్లోనూ తేలలేదని తర్వాత తెలిసింది. ఆ డబ్బుకి చేపలు కొనుక్కుంటే పోయేది.

మంగళగిరి_నాన్న – జూన్ 18, రాత్రి 10:55

మా బాబుకి పన్నెండేళ్లు, క్రోన్స్. పిల్లల్లో క్రోన్స్‌కి స్టెరాయిడ్ బదులు ఒక పద్ధతి ఉంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు తిండి పూర్తిగా ఆపేసి డాక్టర్ రాసిన పాలపొడి లాంటి పోషకాహారం మాత్రమే తాగించడం. స్టెరాయిడ్‌తో సమానంగా పనిచేస్తుంది, ఎదుగుదల కూడా దెబ్బతినదన్నారు. ఇది క్రోన్స్‌కే, కొలైటిస్‌కి కాదట, కాబట్టి ఎవరూ సొంతంగా మొదలెట్టకండి.

మొదటి వారం నరకం. వాడు గ్లాసు పట్టుకుని గోడకి తిరిగి కూర్చునేవాడు. మూడో రోజు మా ఆవిడ చారుకి తాలింపు వేసింది, ఇంగువ వాసన హాల్లోకి రాగానే వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి ఆరు వారాలు మా ఇంట్లో పొయ్యి మీద తాలింపు పడలేదు. నేను ఆఫీసులో తినేసి వచ్చేవాణ్ని, మా ఆవిడ పక్కింట్లో తినేది, వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది. చివరికి నాలుగు కేజీలు పెరిగాడు. మొదటి ముద్ద ఏం కావాలంటే పప్పన్నం అన్నాడు.

మిర్చియార్డు_బాబాయ్ – జూన్ 19, ఉదయం 5:30

పిల్లాడి సంగతి చదివి మనసు అదోలా అయింది. బ్రాడీపేట అమ్మాయ్, నువ్వడిగావు కాబట్టి చెప్తున్నా, 2016లో చేయించుకున్నా ఆఖరిసారి. ముందురోజు తాగించే ఆ నీళ్లున్నాయే, లీటర్లకి లీటర్లు, ఉప్పూ పంచదారా కాని రుచి, ఈ జన్మలో మళ్లీ తాగనని ఒట్టేసుకున్నా.

ఇంతకీ కారం వల్ల ఈ జబ్బు రాదని ఎవరన్నా చెప్పండయ్యా, మా ఊరి పంటకి ఊరికే చెడ్డపేరు.

కొత్తపేట_న్యూట్రిషన్ – జూన్ 19, ఉదయం 11:10

రాదు బాబాయ్ గారూ. కారం వల్ల ఈ జబ్బు పుట్టినట్టు ఎక్కడా రుజువు కాలేదు. కానీ పేగు పుండుగా ఉన్నప్పుడు తింటే మంట, నొప్పి, పరుగులు పెరుగుతాయి, అందుకని ఆ రోజుల వరకు తగ్గించమంటాం. మీ మిర్చి కంటే నాకు రంగురంగుల ప్యాకెట్ల మీదే అనుమానం ఎక్కువ. ఐస్‌క్రీములు, క్రీము బిస్కెట్ల వెనక చిన్న అక్షరాల్లో 433, 466 అని నంబర్లుంటాయి చూడండి, నూనె నీళ్లు విడిపోకుండా, చిక్కగా ఉండేలా కలిపేవి. 2015లో చిట్టెలుకలకి అవి పెడితే పేగు లోపలి జిగురు పొర పలచబడి వాపు మొదలైంది. మనుషుల్లో ఇంకా గట్టిగా తేలలేదు, అయినా మానేస్తే పోయేదేమీ లేదు కదా. అలాగే ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా మింగకండి, తిండి కంటే అవే ఎక్కువసార్లు జబ్బుని లేపడం చూశాను.

బెజవాడ_బక్కోడు – ఆగస్టు 23, రాత్రి 9:30

చాలా రోజులైంది, సారీ. డాక్టర్ దగ్గర అన్నీ ఒప్పుకున్నా. ఇక్కడ రాయని నిజం ఇంకొకటి ఉంది, ఎనీమా అప్పటికి మూడు నెలలుగా వాడట్లేదు, మంచం పాడవుతుందని చిరాకేసి. కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపు ఎంతుందో మలంలో చూసే పరీక్ష, తక్కువుంటే మంచిది) 890 ఉంది అప్పుడు. ఎనీమా మళ్లీ మొదలెట్టి, మాత్రల డోసు రెట్టింపు చేశారు, ఐరన్ ఎక్కించారు. అమ్మ జల్లెడ పప్పు, రోజుకు మూడు గుడ్లు, ఆదివారం కొర్రమీను. ఇప్పుడు కాల్‌ప్రొటెక్టిన్ 310, బరువు 59. మందా తిండా ఏది పనిచేసిందంటే విడదీసి చెప్పలేను. బలం మటుకు గుడ్లతోనే వచ్చిందని అమ్మ వాదన. రెండు నెలల కిందటి దాకా గుడ్డు వేడి అన్నది కూడా ఆవిడే.

పొడి అమ్మినాయన డబ్బు తిరిగివ్వలేదు. లోపలిది పారబోసి, డబ్బా వేడినీళ్లతో కడిగి, అమ్మ మెంతులు పోసుకుంది. బాబాయ్ గుర్తొచ్చారు.

భార్యనే_డైటీషియన్ని_కాదు – ఆగస్టు 24, ఉదయం 10:20

హమ్మయ్య! ఇంక మెల్లగా పీచు మొదలెట్టండి. క్యారెట్, తొక్క తీసిన ఆపిల్ ఉడికించి. మీ డాక్టర్ సరేనంటే చెంచా ఇసబ్గోల్ నీళ్లలో.

బెజవాడ_బక్కోడు – నవంబర్ 16, రాత్రి 8:45

కాల్‌ప్రొటెక్టిన్ 96. బరువు 62. మోషన్లు రెండే, నెత్తురు లేదు. నిన్న రాత్రి మొదటిసారి గోంగూర పప్పు తిన్నా, నాలుగు ముద్దలు, కారం లేకుండా, నెయ్యి ఎక్కువగా. పొద్దున లేచి ఏమవుతుందా అని కూర్చున్నా. ఏమీ కాలేదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటానంటే అమ్మే వద్దంది, నీ బదులు నేనుంటాలే అని.

మిర్చియార్డు_బాబాయ్ – నవంబర్ 17, ఉదయం 5:15

సంతోషం అబ్బాయ్. ఒక్క మాట అడుగుతా, ఆ కొలనోస్కోపీ నీళ్లు ఇప్పుడేమన్నా కాస్త రుచిగా వస్తున్నాయా?

బ్రాడీపేట_అక్క – నవంబర్ 17, ఉదయం 7:05

రుచి మారలేదు బాబాయ్ గారూ. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా స్ట్రాతో తాగండి, మధ్యమధ్యలో నిమ్మరసం నీళ్లు పుక్కిలించండి. ఎర్ర రంగు జ్యూస్‌లు వద్దు, లోపల నెత్తురులా కనపడతాయి. మత్తు ఇస్తారు, ఆ రోజు బండి నడపకూడదు, ఇంట్లోవాళ్లని ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. ఎక్కడ చేయించుకుంటున్నారు?

మిర్చియార్డు_బాబాయ్ – నవంబర్ 17, ఉదయం 7:20

ఇక్కడే గుంటూరు కొత్తపేటలో. మా వాడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఇంత చిన్నదానికి వాడినెందుకు రమ్మనడం. మీ పిన్నికి మోకాళ్లు. ఆటోలో పోయొస్తాలే.

బెజవాడ_బక్కోడు – నవంబర్ 17, ఉదయం 7:26

ఏ రోజో చెప్పండి బాబాయ్. నేను బస్సెక్కితే గంట.